అక్క పెదవి వెనకబడిన పాట

మట్టిని మనిషిగా మలిచి, ఆ మనిషి నోట పాట పెట్టిన దేవునికి మహిమ కలుగును గాక. మాట నాలుక మీదికి రాకముందే దానిని ఎరిగినవానికి, మూగవాని మూలుగును కూడా కీర్తనగా ఎంచేవానికి స్తోత్రం. నేను రాయబోయేది ఒక భయం గురించి. భయం మొదలయ్యాక నాకు స్తుతి తోచదు. అందుకే ముందుగానే చెల్లించుకుంటున్నాను.

మాది మెట్టుగూడ. అక్క మా సంఘంలో పాట ఎత్తేది. రైల్వేలో పనిచేసే బావ ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేవాడు. నగరమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం పడమటి వైపు పరుగులు తీస్తున్న రోజులవి. నేనూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి అటే వెళ్ళేదాన్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. శనివారాలు మాత్రం కార్ఖానా అనే పేటలో, మా సంఘ సహోదరుడొకరు దుకాణం మీది గదిలో పెట్టుకున్న చిన్న స్టూడియోలో గడిచేవి. అక్కడి కంప్యూటర్ మీద పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్‌ను తడుముకుంటూ నేర్చుకున్నాను.

ఆ ఏడు అక్క రాసిన పాటను సంఘ వార్షికోత్సవానికి వీడియోగా తేవాలని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఆశపడ్డారు. ఎండాకాలంలో పాట రికార్డు చేశాం. వానలు తగ్గాక కాప్రా చెరువు గట్టున చిత్రీకరించాం. చిత్రీకరణ అంటే పెద్ద స్పీకరులో ఆ పాటే వేస్తారు, పాడేవాళ్ళు దానికి తగ్గట్టు పెదవులు కదుపుతారు, వాయించేవాళ్ళు చేతులు కదుపుతారు. ఆ తరువాత కెమెరా బొమ్మను అసలు పాటతో జత చేయాలి. ఆ జత నా వంతు.

పని తేలికే అనిపించింది. తెర మీద పైన బొమ్మ, కింద పాట తాలూకు అలల గీత. కెమెరా కూడా స్పీకరులోని పాటను విన్నది కాబట్టి దాని అలల గీతను అసలు పాట గీత కింద పెట్టి, రెండూ ఒక్కటయ్యేదాకా జరిపాను. డోలక్ మీద బావ చెయ్యి పడిన చోటే దెబ్బ వినిపించింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళ చప్పట్లు సరిగ్గా పలికాయి. అక్క నోరు మాత్రం కుదరలేదు. ప, బ, మ అక్షరాల దగ్గర పెదవులు మూసుకోవాలి. అక్షరం వినిపించి పోయాక, కొంచెం ఆలస్యంగా అక్క పెదవులు దగ్గరికి వస్తున్నాయి. కంప్యూటర్ మొరాయిస్తోందనుకుని ఆపి మళ్ళీ వేశాను. పాటను అక్క నోటికి సరిపోయేలా జరిపితే బావ చేతులు తప్పాయి. బావ చేతులకు సరిచేస్తే అక్క తప్పింది.

మధ్యాహ్నం బావ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు.

"ఏందీ మరదలా, మీ అక్కను ముందుకు గుంజుతున్నవ్, ఎనకకు గుంజుతున్నవ్. ఇంట్ల నేను సుత ఇంత తక్లీఫ్ పెట్టలే."

"కుదురుతలేదు బావా. నీ చేతులు కుదిరినయ్, అక్క నోరు కుదరట్లే."

"నా చేతులు కుదిరినయా? జెర కాగితం మీద రాసియ్యి. నేను తాళంల ఉరుకుతున్న అని అయ్యగారు ప్రతి ఆదివారం తిడతడు."

"నవ్వకు, చూడు."

"మాటలు మర్చిపోయిందేమో."

"తనే రాసిన పాట బావా."

బొమ్మను పెద్దది చేసి ఒక్కొక్క ఫ్రేమూ కదిపాను. అప్పుడు కనిపించింది. అక్క పెదవుల ఎడమ కొస సరిగ్గా వేళకే మూసుకుంటోంది. కుడి కొస మాత్రం తెరిచే ఉంటోంది. కాసేపు అదిరి, ఆ తరువాత, ఎవరో గుర్తు చేసినట్టు, మెల్లగా వచ్చి కలుస్తోంది. అదే కంప్యూటర్‌లో కిందటి క్రిస్మస్ ఆరాధన వీడియో ఉంది. తెరిచి చూశాను. అందులో అక్క రెండు పెదవులూ నిండుగా మూసుకున్నాయి.

బావ తెరవబోయిన డబ్బా మూతను మళ్ళీ పెట్టేశాడు.

"ఛాయ్ తాగేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంటుంది," అన్నాడు. "పన్ను నొస్తుందన్నది. నేను పన్నే అనుకున్న."

మరునాడు ఆరాధనలో అక్క పాట ఎత్తగానే నేను ఆ కుడి కొసనే చూస్తూ కూర్చున్నాను. అది సన్నగా వణికింది. పాట అయ్యాక స్త్రీల ప్రార్థన నడిపించే పెద్దావిడ, మేమందరం పెద్దమ్మా అని పిలిచే ఆమె, అక్క చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది.

"పాడేటప్పుడు నీ పెదవి వణుకుతుంటే మాకు ఒళ్ళు పులకరిస్తది బిడ్డా. దేవుడు ముట్టిండు నీ నోటిని."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అన్నారు. బైబిల్లో దేవదూత నిప్పుకణికతో ప్రవక్త పెదవులను తాకి పవిత్రం చేసిన సంగతి మా సంఘంలో పసిపిల్లలకు కూడా తెలుసు. కొన్ని వారాలుగా వాళ్ళందరూ అక్క పెదవిలో ఆ నిప్పునే చూస్తున్నారని నాకు అప్పుడు అర్థమైంది. నేను చూసింది ఫ్రేముల్లో ఆలస్యం. అది జబ్బు అని నోరు విప్పితే దేవుని పనికి అడ్డు నిలిచినట్టవుతుందేమో. నోరు మూసుకుంటే అక్క ఏమవుతుందో. వాక్యం వింటూ పెరిగినదాన్ని, ఏ వాక్యాన్ని పట్టుకోవాలో తెలియలేదు.

ఆరాధన అవగానే అక్కను ఆటోలో కార్ఖానాకు తీసుకెళ్ళి ఆ బొమ్మ చూపించాను. రెండుసార్లు వేయించుకుని చూసింది.

"గిది నువ్వు పట్టినవా, కంప్యూటర్ పట్టిందా?"

"నేనే."

"ఎవరికన్న చెప్పినవా?"

"బావకు."

"అందుకేనా పొద్దుగాల నా ఛాయ్‌ల చెంచా ఏసిచ్చిండు, మూతి నుంచి కారొద్దని. ఏందీ కొత్త మర్యాద అనుకున్న." నవ్వబోయి, కుడి చేత్తో మూతి కప్పుకుంది. "నాకు ఎరుకే చెల్లీ. అద్దంల చూసుకుంటనే ఉన్న."

"మరి చెప్పవేందక్కా?"

"ఏమని చెప్పాలె? పెద్దమ్మ ఏడ్చుకుంట దేవుడు ముట్టిండు అంటుంటే, కాదు పెద్దమ్మా, నరాల డాక్టర్ ముట్టాలె అనాల్నా? నేను సుత దేవుడే అనుకుందామని చూసిన. అట్ల అనుకుంటే భయం ఉండదు గద."

కిందనించి దుకాణం షట్టరు చప్పుడు వినిపించింది. అక్క తెర మీది తన నోటినే చూస్తోంది.

"ఈ పాటను నా నోటికి సరిపోయేటట్టు జరపొస్తదా?"

"జరిపితే బావవి తప్పుతయ్. అందరివీ తప్పుతయ్."

"అయితే జరపకు," అంది. "రేపు దవాఖానకు పోదాం."

అయ్యగారికి అక్కే చెప్పింది. ఆయన తల వంచుకున్నారు. "నేను కూడా ఆమేన్ అన్నానమ్మా," అని మాత్రం అన్నారు.

స్కాన్‌లో చెవి వెనక, ముఖానికి వెళ్ళే నరం మీద చిన్న గడ్డ కనబడింది. నిదానంగా పెరిగే రకం అన్నాడు డాక్టరు. వదిలేస్తే లోపలికి, మెదడు వైపు పెరుగుతుంది. తీస్తే ముఖం ఆ పక్క పూర్తిగా పడిపోవచ్చు. అక్క ఒక్కటే అడిగింది, పాడగలనా అని. "ముందు ప్రాణం చూద్దామమ్మా," అన్నాడాయన. ఆ మాట తరువాత నేను తిన్న అన్నానికి రుచి లేదు. ఆఫీసులో ఎవరైనా మాట్లాడితే వాళ్ళ ముఖం కాకుండా పెదవుల కొసలు చూసేదాన్ని. అద్దం ముందు నిలబడి ప, బ, మ అనుకునేదాన్ని.

ఆపరేషన్ రోజు పెద్దమ్మ, ప్రార్థన చేసి నుదుట రాసే నూనె సీసాతో వచ్చింది. ఏమంటుందోనని మేము బెదిరిపోయాం. ఆమె వచ్చి బల్ల మీద నా పక్కనే కూర్చుంది.

"నేను తప్పు అనలే బిడ్డా," అంది మొండిగా. "దేవుడు ముట్టకపోతే గా వణుకుడు నీ కంటికి కనపడకపోతుండె."

ఆమె సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ ఉంది. బావ ఇనుప కుర్చీ చేతి మీద వేళ్ళతో ఏదో దరువు వేస్తున్నాడు. అది నిలకడగా లేదు. కాసేపటికి అతనికే తెలిసి ఆపేశాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. మూసుకుంటే అక్క నోరు ఫ్రేము తరువాత ఫ్రేముగా కదిలి, కుడి కొస దగ్గర ఆగిపోయేది. అందుకని ఆపరేషన్ గది తలుపును చూస్తూ, పెదవులతో ఆమేన్ అన్నాను.

దేవుడు అక్కను మాకు తిరిగి ఇచ్చాడు. గడ్డను చాలావరకు తీశారు. నరానికి అంటుకున్న చిన్న ముక్కను, ముఖం పోతుందని, అలాగే వదిలేశారు. కుడి పెదవి పూర్తిగా లేవలేదు గానీ ఇంకా కిందికి జారలేదు. నెలలు గడిచాక ఆమె మళ్ళీ పాడింది, మొదటి వరుసలో కాదు, రెండో వరుసలో. ప అన్నప్పుడు కొంచెం గాలి పోతుంది. వీడియో బయటికి రాలేదు. పాటను మాత్రం వార్షికోత్సవంలో వినిపించారు. ఎండాకాలంలో పాడిన ఆ గొంతు హాలంతా నిండితే, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన పాట తనే విన్నది.

అప్పటినుంచి ఏటేటా స్కాన్. ముక్క పెరగలేదని చెప్పిన ప్రతిసారీ సంఘమంతా స్తుతించింది. నేనూ స్తుతించాను. అయినా ఈనాటికీ ఆరాధనలో ప్రార్థన మొదలై అందరి తలలూ వంగినప్పుడు, నా కళ్ళు తెరుచుకునే ఉంటాయి. అక్క పెదవుల మీద ఉంటాయి. ఇది విశ్వాసమో, విశ్వాసం లేకపోవడమో నేను తేల్చుకోలేదు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. బావ జుట్టు నెరిసింది, డోలక్ మానేశాడు. ముగ్గురికీ ఛాయ్ తెచ్చాడు. అక్క కప్పులో చెంచా వేసి ఉంది. చాలా ఏళ్ళుగా ఆ చెంచా అవసరం పడలేదు. నేను బావ వైపు చూశాను. అతను కిటికీ వైపు చూశాడు. అక్క మాత్రం, "ఛాయ్ సల్లారుతది, తాగవే," అంది.

ఈ వారంలో మళ్ళీ స్కాన్.

చదువుతున్న మీరు ఎవరో, ఏ సంఘమో నాకు తెలియదు. ఒక్క నిమిషం నాతో ఆగండి. మీరు కళ్ళు మూసుకోండి, నేనూ ఈసారి మూసుకోవడానికి ప్రయత్నిస్తాను. ప్రభువా, నోరు మందమని నీ ఎదుట వణికిన సేవకుణ్ణి నీవు తోసివేయలేదు. ఆ పెదవిని ముట్టింది నీవో కాదో మాకు తెలియదు, ఇప్పుడు మాత్రం ముట్టు. మా అక్కకు నెమ్మదినివ్వు, చెంచా వేసిన చేతికి ధైర్యమివ్వు, మాకు కళ్ళు మూసుకునే బలమివ్వు. నాతో కలిసి ఆమేన్ అనండి. ఆ మాటకు పెదవులు మూసుకోవాలి, మీ పెదవులను మా అక్క కోసం మూయండి.