గిటారుకు పంపిన దండ

నా పేరు తాటివలస అప్పలనరసమ్మ. వయసు డెబ్బై అయిదు. ఆధారు కార్డులో డెబ్బై రెండని ఉంది, అది రాసినవాడికే తెలియాలి. కోటబొమ్మాళి స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో మా ఊరు. వరి పండించుకునే ఇల్లు మాది. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో నేను, మా చిన్నబ్బాయి, కోడలు ఉంటాం. పెరటి గోడకు అవతలి ఇల్లు మా బావగారిది. ఆ ఇంటి పెద్దావిడ, నా తోటికోడలు, పోయిన వారం మంగళవారం పొద్దున్నే చనిపోయింది.

రోజూ ఆ గోడ మీంచే ఆవిడ పిలుపు వచ్చేది. "ఒలే, లెగిసినావేటి?" అని. అది వినిపించాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని. ఆ రోజు పిలుపు రాలేదు. నేనే పిలిచాను. పలికింది ఆవిడ పెద్దకొడుకు. "సిన్నమ్మా, ఓపాలి ఇటు రా" అన్నాడు. ఆ గొంతు విని, చేతిలో అగ్గిపెట్టె అక్కడే పెట్టేశాను.

నాకు చదువు రాదు. నేను చెప్తూ ఉంటే మా డ్వాక్రా సంఘం లీడరు పైడమ్మ రాస్తోంది. నా మాటను అందరికీ తెలిసేలా పుస్తకాల్లో రాసినట్టు రాయమన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను. ఎందుకు రాయిస్తున్నానో ముందే చెప్తాను.

మూడో నాటి కర్మకు, అదే చిన్నరోజుకు, చుట్టాలంతా పందిట్లో కూర్చున్నారు. పోయినావిడ మనవరాలు విజయనగరంలో ఇంజనీరింగు చదువుతోంది. కాలేజీలో నలుగురు ఆడపిల్లలు కలిసి గిటార్లు, డ్రమ్ములు వాయిస్తారు. కబురు అందగానే హాస్టలు నుంచి ఉన్నపళంగా వచ్చేసింది కదా, భుజానికి తగిలించుకొచ్చిన గిటారు సంచీ పందిరి రాటకు ఆనించి ఉంది. అది చూసి మా ఆడపడుచు పదిమంది వినేలా అంది: "నానమ్మ బుద్దులే వొచ్చినాయి దీనికి. ఆ ముసిల్ది తల్లో పూలు తీసి గిటారోడికి దండంపినాది. ఇది ఏకంగా గిటారే తగిలించుకొచ్చీసినాది."

కొంతమంది నవ్వారు. పిల్ల ముఖం పాలిపోయింది. దాని తండ్రి, అంటే నా తోటికోడలి పెద్దకొడుకు, ఆ గిటారు తీసుకుని అటక మీద పడేశాడు. "ఇంక దాన్ని ముట్టుకున్నావంటే సదువు కూడా మానిపించేస్తాను" అన్నాడు.

నా తోటికోడల్ని నేను అప్ప అనే పిలిచేదాన్ని. ఇప్పుడు అందరూ వినండి. ఆ దండ పంపింది మా అప్ప కాదు, నేను. పైగా అవి తలలో పూలు కావు.

అప్పటికి నాకు పెళ్లయి నాలుగు నెలలు. మా ఊళ్లో అమ్మవారి సంబరం. అంతకు ముందు సంబరమంటే డప్పులు, సన్నాయి, తప్పెటగుళ్లు. ఆ ఏడు కుర్రాళ్లంతా కలిసి వాల్తేరు రైల్వే క్వార్టర్ల నుంచి ఒక పార్టీని పిలిచారు. నలుగురు కుర్రాళ్లు, భుజాల దాకా జుట్టు, కాళ్ల దగ్గర గొడుగుల్లా విచ్చుకున్న ప్యాంట్లు. నాలుగు ఎడ్లబళ్లు ఆనించి పైన చెక్కలు పరిచారు, అదే స్టేజీ. దీపాలు పెట్టే వేళకు జనరేటరు వేశారు. ఒకడు గిటారుకు కరెంటు తీగ తగిలించి ఇలా ఒక్క దెబ్బ వేశాడు. మా పక్కింటివాళ్ల ఆవు కట్టు తెంచుకుని పారిపోయింది. ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

మా అప్ప నా చేతులు లాగేసింది. "ఒలే నర్సీ, ఇది సెవుల్తో వినేది కాదే. గుండి మీద సెయ్యేసి సూడు" అంది.

చెయ్యి వేసి చూశాను. లోపల ఎవరో దంపుతున్నట్టే ఉంది. వాళ్లు పాడేది ఇంగ్లీషు పాటలు, ఒక్క ముక్క తెలియదు. "ఏటంటన్నాడప్పా?" అని అడిగితే, "ఏటంటేనేటి? పిడుగు పడినప్పుడు ఏటన్నాదని అడుగుతావేటి?" అంది. ఆ మాటకు నాకు నవ్వు ఆగలేదు. నాలుగు నెలల్లో అత్తవారింట నేను నోరు తెరిచి నవ్వింది అదే మొదలు.

కానీ నాకు ఒక బెంగ పట్టుకుంది. మా వైపు సంబరంలో ఏ వాయిద్యమైనా మోగే ముందు దానికి బొట్టు పెట్టి, పువ్వు పెట్టాలి. డప్పుకు పెడతారు, సన్నాయికి పెడతారు. పెట్టకపోతే అమ్మవారు ఆ మోత పుచ్చుకోదంటారు. ఈ పట్నం పిల్లలకు ఆ సంగతి తెలియదు. ఊళ్లో పెద్దలు అదొక వాయిద్యమనే అనుకోలేదు. ఇంత మోగిన దానికి ఒక్క పువ్వయినా లేకపోవడం నాకు నచ్చలేదు. అమ్మవారికని బుట్టలో తెచ్చుకున్న కనకాంబరాల దండ నా దగ్గరుంది. మా అప్ప పిల్లాడిని ఎత్తుకుని అవతలికి వెళ్లినప్పుడు, మైకు సెట్టు లచ్చయ్య చేతిలో పెట్టాను. "ఆ వాయిద్యానికి ఏయించు" అన్నాను.

సంబరంలో ఎవరు ఏమిచ్చినా మైకులో చదవాలి. "ఏమని సదవమంటావు?" అని అడిగాడు. కొత్త కోడల్ని, నా పేరు నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గేసింది. "తాటివలసోరి కోడలు అని సదువు" అన్నాను.

చదివాడు. ఊరంతా వినిపించేలా చదివాడు. "తాటివలస వారి కోడలుగారు గిటారు వాయించే కుర్రాడికి పూలదండ బహూకరించారు!"

ఆ కుర్రాడు దండ తీసుకుని మెడలో వేసుకున్నాడు. ఆడవాళ్ల వైపు తిరిగి చేతులు జోడించి నవ్వాడు. ఈలలు పడ్డాయి. నేను ఆడవాళ్ల వెనక్కి తప్పుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త వీధి గుమ్మంలో నిలబడి ఉంది. "ఇద్దరు కోడళ్లున్నారు నాకు. దండంపినాది ఏ కోడలే?" అంది. ఆవిడ వెనకాల మా ఆయన ముల్లుగర్ర పట్టుకుని ఉన్నాడు. నేను మాట కూడదీసుకునే లోపల మా అప్ప చంకలో పిల్లాడిని నా చేతికిచ్చి ముందుకు నడిచింది.

"నానే" అంది.

మా అత్త కొట్టిన ఆ చెంపదెబ్బ చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

మా బావ ఒక ఏడాది పాటు ఆవిడతో మాట్లాడలేదు. పక్కనే ఉన్నా, "మీ అమ్మకి సెప్పు, అన్నం ఎట్టమను" అని పిల్లాడితో చెప్పించేవాడు. మూడేళ్ల పిల్లాడు. వాడు వచ్చీరాని మాటలతో "అన్నం ఎట్టమన్నాడు" అని చెప్పేవాడు. ఆవిడ వాడికి ముద్దు పెట్టి, ఆయనకు అన్నం పెట్టేది. ఊళ్లో కుర్రాళ్లు ఆవిడకు 'దండకోడలు' అని పేరు పెట్టారు. బావి దగ్గరికి వెళ్తే అదే పేరు, ఊడ్పులకు వెళ్తే అదే పేరు.

మర్నాడే గాదె వెనకాల ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. "నిజం సెప్పేస్తానప్పా" అన్నాను.

"నోరుముయ్యి" అంది. "నాకిద్దరు గుంటలున్నారు, నన్నెక్కడికి తోలెస్తారు? నువ్వు నాలుగు నెల్ల పెళ్లికూతురివి. నిన్నయితే బండెక్కించీసి మీ అమ్మింటికి తోలెస్తారు. నానున్నన్నాళ్లూ నోరిప్పకు. నాను పోనాక నీ ఇష్టం."

ఆవిడ చెప్పింది కాబట్టి ఊరుకున్నానని అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది. అది సగమే నిజం. మొదట భయపడ్డాను. పిల్లలు పుట్టి, భయం పోయాక కూడా ఊరుకున్నాను. ఆ సగం నా తప్పు. ఎవరూ కప్పిపుచ్చక్కర్లేదు.

ఇంత జరిగినా ఆవిడ పాటల మీద మోజు వదులుకోలేదు. పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక ఒక రోజు మా అత్త ఎదుట కళ్లు మూసుకుని, "అరసవల్లి దేవుడికి పదకొండు ఆదివారాలు మొక్కుకున్నానత్తా. సిన్నకోడలు తోడొస్తాది" అంది. దేవుడి మాట కదా, అత్త కాదనలేదు. పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, బస్సు పట్టుకుని అరసవల్లి చేరేవాళ్లం. దర్శనం నిజంగానే చేసుకునేవాళ్లం, దేవుడిని మోసం చెయ్యలేదు. తర్వాత శ్రీకాకుళంలో ఒక కాలేజీ వెనక షెడ్డు. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు వాయించుకునేవారు. ఆ సంగతి ఆవిడ ఎక్కడ ఆరా తీసిందో ఇప్పటికీ నాకు తెలియదు. పిట్టగోడ మీద కూర్చుని, ప్రసాదం పులిహోర తింటూ వినేవాళ్లం. కుర్రాళ్లు మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత్తర్వాత, "అప్పలొచ్చినారా? అయితే మొదలెట్టండ్రా" అనేవారు.

పదకొండు ఆదివారాలు కాస్తా ముప్ఫై అయ్యాయి. "నా కోడళ్లకి సూర్నారాయణమూర్తి మీద ఎంత బక్తో" అని మా అత్త వీధిలో అందరికీ చెప్పుకునేది.

ఒక ఆదివారం ఏదో పాట మంచి ఊపులో ఉంది. మా అప్ప ఉన్నట్టుండి చెప్పులు విడిచి, కొంగు బిగించి, షెడ్డు ముందుకు వెళ్లి రెండు కాళ్లూ నేలకేసి కొట్టింది. మావైపు తప్పెటగుళ్లవాళ్లు ఎగిరినట్టే ఎగిరింది. డ్రమ్ములవాడు ఆవిడ కాళ్లు చూసి వాయించాడు, ఆవిడ వాడి కర్రలు చూసి ఎగిరింది. పాట అయ్యాక రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడింది. "సూసినావేటి? సెంపదెబ్బ తిన్నందుకు ఇంతైనా ఎగరాల నాను" అంది. నేను ఏడ్చాను. ఆవిడ నా నోట్లో పులిహోర కుక్కింది.

ఆవిడ చేట పట్టుకుని బియ్యం చెరిగినా అదే దరువు. మజ్జిగ చిలికినా అదే దరువు. చివరి నాలుగేళ్లు చెవులు బాగా మందగించాయి. మనవరాలు సెలవులకు వచ్చి గిటారు పట్టుకుంటే ఎదురుగా కూర్చుని, ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించేది. "నానమ్మా, వినిపిస్తందా?" అని పిల్ల అరిచి అడిగితే, "సెవులు పోనాయి గానీ గుండి పోనేదే. వాయించు" అనేది. ఈ పిల్లకు గిటారు అబ్బింది ఆ అరచేతి కిందే. దాన్ని అటక ఎక్కించడమంటే ఆవిడను రెండోసారి కొట్టడమే.

నా ఒక్కదాని మాటే అయితే ముసలిదానికి మతిపోయిందంటారు. అందుకని నిన్న లచ్చయ్యను పిలిపించాను. మైకు సెట్టు ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు, తను కర్ర పట్టుకుని నడుస్తాడు.

"లచ్చయ్యా, ఆ రోజు దండ నీ సేతిలో ఎట్టినాది ఎవులు?"

"నువ్వే కదేటి వదినా. ఆకుపచ్చ సీర కట్టుకున్నావు."

"మరిన్నేళ్లూ సెప్పనేదేటి?"

"నన్నెవులడిగినారు?"

"వాయిద్యానికి అని సెప్తే కుర్రోడికి అని ఎందుకు సదివినావు?"

"గిటారుకి దండేటని జనం నవ్వుతారనుకున్నాను వదినా. మనిషి పేరెడితే బాగుంటాదని నానే మార్సి సదివీసినాను. అప్పకి ఇంతవుతాదనుకోనేదు" అన్నాడు.

"అయితే పెద్దరోజు నాడు నువ్వే సదవాల" అన్నాను.

రేపు పెద్దరోజు, పెద్దకర్మ భోజనాలు. విస్తళ్లు వేయక ముందు, ఆ మైకులోనే, ఆ లచ్చయ్యే ఈ కాగితం మొత్తం చదువుతాడు. మైకులో పోయిన పరువు మైకులోనే తిరిగి రావాలి. మా ఆడపడుచు ముందు వరుసలో కూర్చోవాలి. ఈసారి ఉత్త 'కోడలు' అని కాదు, చిన్నకోడలు అప్పలనరసమ్మ అని పేరుతో చదవాలి. చదివాక పిల్ల వాయించాలి. వాయించేదాకా నేను ఆ పందిట్లో మెతుకు ముట్టను.

ఇక్కడికి రాయించాక తల ఎత్తి చూస్తే, గుమ్మంలో మా అప్ప పెద్దకొడుకు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. యాభై అయిదేళ్లు దాటిన మనిషి.

"సిన్నమ్మా" అన్నాడు. "'మీ అమ్మకి సెప్పు' అని నాన్న అన్నవన్నీ నానే మోసినాను. అమ్మ మీద కోపంతో అంటన్నాడని నాకప్పుడు తెలీదు."

"నీకెలగ తెలుస్తాదిరా. మూడేళ్ల గుంటడివి" అన్నాను.

వెళ్లిపోయాడు. కాసేపటికి పెరటి గోడ అవతల నిచ్చెన జరుగుతున్న చప్పుడు అయింది. నేనూ పైడమ్మా వెళ్లి చూశాం. గిటారు కిందికి దించి, సంచీ తీసి, భుజం మీద తువ్వాలుతో దుమ్ము తుడుస్తున్నాడు. తీసుకెళ్లి వాళ్లమ్మ ఫోటో పక్కన గోడకు ఆనించాడు. ఫోటోకు రెండు దండలున్నాయి. ఒకటి తీసి నా చేతికిచ్చి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

ముందు కుంకుమ బొట్టు పెట్టాను. తర్వాత దాని మెడకు దండ తగిలించాను. పూలు ఆనగానే తీగ ఒకటి సన్నగా మోగింది. మోత ఆగిపోయాక కూడా, చెక్క మీద పెట్టిన నా చేతికి అది తెలుస్తూనే ఉంది.

ఇది నేను చెప్పగా రాసింది. చదివించుకుని విన్నాను, ఒప్పుకున్నాను.

తాటివలస అప్పలనరసమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర. (పక్కన ఎర్రగా ఉన్నది కుంకుమ. తుడవవద్దన్నాను.)

రాసినవారు, మొదటి సాక్షి: గుంటముక్కల పైడమ్మ
రెండో సాక్షి: ఆనాడు మైకులో చదివిన దుంపల లచ్చయ్య