మూడు పాయింట్లు

అక్క పోయిందన్న కబురు నాకు మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. బావగారు ఇంగ్లీషులో రెండు వాక్యాలు పెట్టారు. కింద వరసగా సంతాపాలు. "వదిన చేతి చేపల పులుసు మర్చిపోలేం" అని ఒకాయన రాశాడు. ఇక ఆ తర్వాత రాసినవాళ్లందరికీ పులుసే గుర్తొచ్చింది. ఫోను సోఫా మీదికి విసిరేశాను. అంత మనిషి పోతే వీళ్లకి మిగిలింది పులుసా?

నాకు సొంత అక్క కాదు. గుంటూరు దగ్గర మా కాలేజీలో సీనియర్, తర్వాత సిడ్నీ టూంగాబీలో చాలా ఏళ్లు పక్కిల్లు. వైటూకే పని కోసం మా ఆయన్నీ బావగారినీ ఇంకొందరు మా కాలేజీవాళ్లనీ ఒకే కంపెనీ ఇక్కడికి తీసుకొచ్చింది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని. రెండువేల సంవత్సరం వచ్చింది, ప్రపంచం కూలిపోలేదు, వీళ్ల ఉద్యోగాలూ పోలేదు. ఆ ఊపులో అందరూ ఇళ్లు కొన్నారు, కార్లు కొన్నారు, ఆదివారాలు పార్కులో మాంసం కాల్చుకునే బార్బీ పెట్టుకుని కాలేజీ కబుర్లు మొదలెట్టారు.

ఎక్కడ మొదలైనా ఆ కబుర్లు ఒక్కచోటే తేలేవి. మా కాలేజీ కబడ్డీ జట్టు పుట్టినప్పటినుంచీ వచ్చిన రైడర్లలో గొప్పవాడెవడు? పొడుగు సత్యం చెయ్యి చాస్తే అవతలి మూల దాకా అందేదని ఒకరు. కాదు, రొయ్యల చెరువుల వాళ్లబ్బాయి రాజు కూతకెళ్తే పట్టు దొరికేదే కాదని ఇంకొకరు. బావగారి పేరు ఎప్పుడూ మూడోది. ఆయన వినీ విననట్టు బీరు తాగుతూ కూర్చునేవారు. మూడో పేరు చెప్పడం ఎవరైనా మర్చిపోతే మాత్రం దగ్గేవారు.

అక్క అదే పార్కులో, అదే పొగలో, చికెన్ ముక్కలు తిరగేస్తూ వినేది. ఆవిడ మా అమ్మాయిల జట్టు కెప్టెన్. కూతకెళ్లిందంటే ఖాళీ చేతులతో తిరిగొచ్చేది కాదు. గ్రౌండు చుట్టూ నిలబడి గొంతులు పోయేలా అరిచినవాళ్లలో ఈ మగవాళ్లూ ఉన్నారు, నేను నా కళ్లతో చూశాను. తెలియక వదిలేశారంటే క్షమించవచ్చు. తెలిసే వదిలేశారు.

ఒకసారి పళ్లెం అందిస్తూ అడిగింది. "మరి మా జట్టు సంగతేంటండీ?"

"అది వేరే కదా వదినా," అన్నాడు ఆ పొడుగు సత్యమే, ముక్క కొరుకుతూ.

అక్క పీ.టీ. టీచర్ అవుదామని ట్రైనింగ్ చేసిన మనిషి. ఆ చదువు ఇక్కడ చెల్లలేదు. ముసలివాళ్ల హోమ్‌లో పనికి కుదిరింది, వాళ్లని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తే పని. అయినా ఆట ఆవిడ ఒంట్లోంచి పోలేదు. పూరీ ముద్ద ముట్టుకునే ముందు రెండరచేతులకీ పొడిపిండి రుద్దుకుని, దులుపుకుని, ఒక్క క్షణం ఆగేది. కూతకి ముందు మట్టి రుద్దుకున్న అలవాటది. నేను మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తుంటే, "ఎదుటోళ్ల మొహాలు చూడమాకే, మోకాళ్లు చూడు. మొహం మోసం చేస్తది," అంది. టేబుల్ కింద మోకాళ్లు ఎట్లా కనబడతాయక్కా అంటే, "కుర్చీ కాస్త ఎనక్కి లాక్కో," అంది. లాక్కునే కూర్చున్నాను. ఉద్యోగం వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాదన ముదిరి, మాటలెందుకు ఆడే తేల్చుకుందాం అన్నారు. పొట్టలొచ్చిన మగవాళ్లు గడ్డి మీద షర్టులు పరిచి నడిగీత చేశారు. ఒక జట్టుకి మనిషి తక్కువయ్యాడు. అక్క చేతిలో పట్టకారు నాకిచ్చి, చున్నీ నడుముకి బిగించి, "నేనొస్తా," అంది. అందరూ నవ్వి సరేనన్నారు. కాలు బెణికిందని బావగారు అంపైరుగా గీత దగ్గర నిలబడ్డారు.

అక్క వంగి అరచేతులకి మట్టి రుద్దుకుంది. కబడ్డీ కబడ్డీ అంటూ దాటింది. ఆ గొంతు విని నాకు ఒళ్లు జలదరించింది. ముందు సత్యం మోకాలు తాకింది, తిరుగుతూ ఇంకొకాయన భుజం, వెనక్కి దూకుతూ మూడో ఆయన మోచెయ్యి. సత్యం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అక్క గీత దాటి తన వైపుకొచ్చి నిలబడ్డాక కూడా కూత ఆపలేదు. ఊపిరి ఇంకా ఉందని చూపించడానికి.

"మూడు," అంది అప్పుడు.

"అట్లా ఎట్లా వదినా? ఆడమనిషిని పట్టుకుంటామా? మేం పట్టుకోకపోతే అది రైడెట్లా అవుద్ది?" అన్నాడు సత్యం.

"పట్టుకోమనేగా వచ్చింది."

అందరూ అంపైరు వైపు చూశారు. బావగారు అక్క వైపు కాక సత్యం వైపు చూసి నవ్వారు. "లెక్కలోకి రాదులే. సరదాకి ఆడింది," అన్నారు.

అక్క చేతులు కమీజుకి తుడుచుకుని నా దగ్గర పట్టకారు తీసుకుంది. ముక్కలన్నీ మాడిపోయాయి. సాయంత్రం సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ ఒకే మాట అంది. "వాళ్లు ఒప్పుకోనందుక్కాదే. ఈయన గీత మీదే నిలబడ్డాడు. చూశాడు."

ఆ తర్వాత ఆవిడ ఆట మాటెత్తలేదు. ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఎన్నేళ్లయినా అదే సత్యం, అదే రాజు, అదే మూడో పేరు. అక్క చేపల పులుసు వండి పంపేది, తను డ్యూటీ వేయించుకునేది. వీళ్లందరూ మర్చిపోలేని పులుసు అదే.

కిందటి నెల ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే బాగా చిక్కిపోయింది. కాసేపు పిల్లల సంగతులు అడిగి, ఉన్నట్టుండి, "ఏమే, ఆ రోజు నా కాలు గీత దాటిందా?" అంది. ఏ రోజని నేను అడగలేదు.

"దాటిందక్కా."

"కూత ఆగిందా?"

"లేదు."

"మరి?" అంది. జవాబు చెప్పాల్సిన మనిషి కిటికీ దగ్గర ఫోను చూసుకుంటున్నారు.

చర్చిలో వాళ్లమ్మాయి మాట్లాడింది. ఇక్కడ పుట్టిన పిల్ల, ఇంగ్లీషులోనే చెప్పింది. మమ్‌కి హాబీలేమీ లేవట, ఇల్లే ఆవిడ లోకమట. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. తర్వాత మెట్ల మీద పట్టుకుని చెప్పాను. "మమ్ కబడ్డీ ఆడిందా? రియల్లీ?" అంది పాపం. దాని తప్పేముంది? ఆ ఇంట్లో ఎవరూ దానికి చెప్పలేదు.

భూస్థాపన అయ్యాక అందరం వాళ్లింటికొచ్చాం. మగవాళ్లు పెరట్లో కుర్చీలేసుకున్నారు. బావగారికి కాస్త మనసు మళ్లించాలని కాబోలు, మళ్లీ మొదలెట్టారు. సత్యం, రాజు. "ఈసారికి వదిన పేరు కూడా కలుపుదాంరా, పాపం," అన్నాడు సత్యం. ఈసారికట. పాపమట.

నేను వంటింట్లో టీ పెడుతున్నాను. బావగారు గ్లాసుల కోసం లోపలికొచ్చారు. ట్రే పట్టుకుని, నా వైపు చూడకుండా, మెల్లగా అన్నారు. "అవి మూడు పాయింట్లేనమ్మా. నేను చూశాను."

"నాకెందుకు బావగారూ చెప్పడం? వాళ్లు అక్కడున్నారు. వెళ్లి చెప్పండి."

ఆయన తలూపి పెరటి తలుపు దాకా వెళ్లారు. పక్కకి జరిపే అద్దం తలుపు తీసే ఉంది. కింద అది జరిగే ఇనుప పట్టా, దాని అవతల వాళ్లు. బయట ఎవరో, "మూడోవాడు మటుకు మనవాడేరా," అన్నారు. బావగారి కాలు పట్టా దగ్గర ఆగింది. నేను టీ వడపోసి వచ్చేసరికి కూడా ఆయన అక్కడే ఉన్నారు, చేతిలో ఖాళీ గ్లాసులతో, పట్టాకి ఇవతలే.