కిటికీలోంచి ఊపిన చెయ్యి

తెలుగు అక్షరాలే ముసలితనంలో నేర్చుకున్నాను. అమ్మాయి దగ్గరికి ఈ పరాయి దేశం వచ్చాక, ఇంగ్లీషులో ఉన్న వీధి బోర్డులు చదవలేక ఒకసారి దారి తప్పాను. అప్పటినుంచి అమ్మాయీ అల్లుడూ నన్ను లోపల ఉంచి, తలుపుకు తాళం వేసుకుని ఆఫీసుకు వెళ్ళేవారు. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటావిడకు చెయ్యి ఊపేదాన్ని. పలకరింపుకే ఊపాను. ఆవిడ నేను సాయం అడుగుతున్నాననుకుని కౌంటీకి, అంటే ఇక్కడి జిల్లా ఆఫీసుకు, ఫోన్ చేసింది.

కౌంటీ నుంచి ఒకామె వచ్చింది. నాతో విడిగానే మాట్లాడాలని అమ్మాయిని పక్క గదిలోకి పంపి, ఫోను మధ్యలో పెట్టింది. ఆమె ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నను అందులోంచి ఒక ఆడగొంతు తెలుగులో చెప్పింది.

"అమ్మా, ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా బాధపెడుతున్నారా?"

ఇంట్లో తెలుగు వినపడని పగళ్ళు నావి. "నీది ఏ ఊరమ్మా?" అన్నాను.

"సారీ అమ్మా, నా గురించి చెప్పకూడదు. రూల్."

"పోనీలే. కొట్టరు, తిండి పెడతారు. ఆ తాళం తియ్యమను, చాలు."

ఆమె వెళ్ళాక అమ్మాయి ఏడ్చింది. "నీ సేఫ్టీకే కదమ్మా లాక్ చేశాం!"

"కోడిని గంప కింద మూసినట్టు మూసి సేఫ్టీ అంటావేంటే?"

ఇప్పుడు తాళం లేదు. మెడలో అడ్రస్ కార్డు వేసుకుని మెట్ల మీద కూర్చుంటాను. ఎదురింటావిడ చెయ్యి ఊపుతుంది, నేనూ ఊపుతాను. అంతకుమించి మాకు మాట లేదు. ఫోనులో మాట్లాడిన ఆ పిల్లది ఏ ఊరో అనుకుంటూ ఉంటాను.