చర్చి మెట్టు మీద కొబ్బరికాయ

టాటానగర్‌లో మేముండే బర్మామైన్స్ పేటలో మా బడి ప్రెస్బిటీరియన్ చర్చి వాళ్లది. ఆ చర్చి తర్వాత పేరు మార్చుకున్నా మా వీధిలో అందరి నోళ్లలోనూ పాత పేరే నానింది. బడి నడిపేది సంఘ పెద్దల కమిటీ. టీచర్ని పెట్టుకోవాలన్నా తీసెయ్యాలన్నా, ఆదివారం ముందు బెంచీల్లో కూర్చునే ఆ పెద్దమనుషులే చెప్పాలి.

మా అక్క అక్కడే చదివింది. మేం హిందువులం, నాన్న టాటానగర్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అయినా బైబిల్ పరీక్షలో ఫస్టు అక్కే, క్రిస్మస్ పాటల్లో ముందు గొంతూ అక్కదే. బీఏ అయ్యాక ఆ బడిలోనే టీచరవ్వాలని తహతహలాడింది. అంతకు మించి దానికి ఇంకో కోరిక ఉన్నట్టు నేనెరగను. చర్చి సభ్యులకే ఉద్యోగమన్నది అక్కడి రివాజు. హెడ్‌మిస్ట్రెస్‌కి అక్కంటే వల్లమాలిన ఇష్టం. కమిటీతో పోట్లాడి సగం ఒప్పించింది. ఆదివారం ఆరాధన అయ్యాక తేలుస్తామన్నారు.

ఆ ఆదివారం అమ్మ తలస్నానం చేసి, కొబ్బరికాయకి పసుపు రాసి, నన్ను వెంటబెట్టుకుని చర్చికి బయల్దేరింది. శ్రీకాకుళం వైపు వాళ్ల ఊళ్లో మేరీమాత గుడి దగ్గర అందరూ కాయ కొట్టేవారట. అమ్మ లెక్కలో చర్చంటే అదే.

"ఆ సామికి మొక్కకపోతే పని ఎలగవుతాదే?" అంది.

లోపలికి తొంగి చూస్తే బొమ్మ లేదు, దీపం లేదు. ఉత్త గోడలు.

"ఏటే ఇది, సామేడీ?" అంది. నాకేం తెలుసు?

చివరికి మెట్టు మీదే ఠప్పున కొట్టింది. సరిగ్గా అప్పుడే పెద్దలు బయటికొస్తున్నారు. నీళ్లు ఒకాయన బూట్ల మీద చిందాయి. అమ్మ అది చూడలేదు. చెక్క తిప్పి చూసి వెలిగిపోయింది.

"పువ్వొచ్చింది! ఇంకేటి, పనైపోయినట్టే!"

అని వాళ్లకే ముక్కలు పెట్టబోయింది. వాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. అక్క పాటల పుస్తకంతో గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ అక్కని పిలిచి, కమిటీ కాదనేసిందని హిందీలో చెప్పి కళ్లు తుడుచుకుంది. విగ్రహాలు కొలిచే ఇంటి పిల్లట. అది కొత్తగా తెలిసిందా ఆ పెద్దలకి? ఇన్నేళ్లూ అక్క పాట మాత్రం కళ్లు మూసుకుని విన్నారు. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క అమ్మతో "ఖాళీ లేదటమ్మా" అని ఊరుకుంది. మళ్లీ పాడలేదు. కాసిడీహ్ పేటలో ఇళ్లకెళ్లి ట్యూషన్లు చెప్పుకుంది. బడి తెరిచినప్పుడల్లా అమ్మది ఒకటే మాట.

"పువ్వొచ్చిన కాయే అది. ఈ ఏడు పిలుత్తారు, సూడు."

"అవునమ్మా" అనేది అక్క.

అమ్మ ఆఖరిసారి మంచం పట్టేనాటికి అక్క జుట్టు నెరిసింది. స్పృహ వచ్చినప్పుడు అమ్మ అడిగింది.

"బడోళ్లు పిలిసినారేటే?"

అక్క నా వైపు చూడకుండా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పిలిచారమ్మా. సోమవారం నుంచి వెళ్తున్నాను."