కాటా మీద పిల్లి

ఈ సాయంత్రం అనకాపల్లిలో అప్పారావు మామ కొట్టుకి బెల్లం కోసం వెళ్లాను. కాటా మీద ఆయన పిల్లి ముడుచుకుని పడుకుంది. రోజంతా దానికి అదే పని.

"దాన్ని దింపు మామా" అన్నాను.

"ఇప్పుడే కునుకు తీత్తంది, ఉండనీ" అని, పిల్లి ఉండగానే కాటాని సున్నా చేసి, పక్కన నా బెల్లం సంచీ పెట్టాడు. సరిగ్గా కిలో చూపించింది. అంతలో పిల్లి కళ్లు తెరవకుండానే తల తెచ్చి సంచీ మీద ఆనించింది.

"ఇదేటిది, దీని తల బరువు కూడా నీ బెల్లంలో కలిసిపోనాది" అని నొచ్చుకుని మామ ఇంకో ముక్క వేశాడు.

ఆ తల ముందు నుంచీ కాటా మీదే ఉంది, సున్నాలో అదీ పోయింది. నాకు తెలుసు. చెబితే ఆ మాటలకి పిల్లి లేస్తుందని ఊరుకున్నాను. మీరైతే లేపేవారా?