దిబ్బ ఖాళీ అయిన రోజు

జనగామలో తెల్లవారుజామున అయిదున్నరకు హన్మకొండ బస్సెక్కాం, నేనూ సుజాతా. ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు తీసుకున్నాం. మేమిద్దరం ఒకే దవాఖానలో నర్సులం. సుజాత పుట్టింది గోదావరి నడుమ దిబ్బ మీద, చేపలు పట్టి బతికే ఊళ్లో. అక్కడ మిగిలిన ఎనిమిది ఇళ్లవాళ్లూ ఆ రోజే ఒడ్డుకు మారిపోతున్నారు. "ఆఖరిసారి చూస్తవు, రా అక్కా" అంది.

హన్మకొండలో బస్సు మారాం. పరకాల దాటాక పక్క సీటు ముసలామె ఎక్కడికని అడిగింది. చెప్పాం.

"గా దిబ్బ చేపలు మా అంగడికొచ్చేటియి బిడ్డా. ఇప్పుడు ఏడ చూసినా చెరువు చేపలే" అంది.

భూపాలపల్లిలో ఇడ్లీ తిని మహదేవపూర్ బస్సెక్కాం. దిగి, ఆటోలో రేవుకు చేరేసరికి పదకొండయింది. పడవ తెచ్చింది సుజాత అన్న కొమురయ్య.

"ఒకప్పుడు వల గుంజనీకి ఇద్దరం కావాలె చెల్లే. ఇప్పుడు పడ్డ చేపలు ఇంట్ల కూరకే సరిపోతలేవు" అన్నాడు నాతో. వయసువాళ్లు బొగ్గు బావుల దగ్గర పనులకు పోయారు. బడి మూతబడింది.

అయినా రెండేళ్లుగా ఊరు కదలలేదు. కారణం సుజాత పెద్దమ్మ రాజవ్వ. ఆమె ఒక్కగానొక్క కొడుకు సమ్మయ్య రెండేళ్ల కిందటి వరదలో వల తీయబోయి కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. "వాడొచ్చేసరికి నేను ఈడ లేకుంటె ఎట్ల?" అనేది. పోతే అందరూ పోవాలని ఊరి కట్టుబాటు. ఆమెను ఒంటరిగా వదిలి వెళ్లడానికి ఎవరికీ మనసు రాలేదు.

పోయిన వానాకాలం పక్కింటి లతకు నొప్పులొచ్చాయి. ఆ వరదలో పడవ వేసే వీల్లేకపోయింది. రాజవ్వే పురుడు పోసింది. తల్లి బతికింది, మగబిడ్డ దక్కలేదు. పూడ్చి వచ్చిన రోజే రాజవ్వ అందరినీ పిలిచిందట. "నా కొడుకు కోసం ఇంకొకల్ల కొడుకు పోవద్దు. పోదాం పాండ్రి" అందట.

మేం వెళ్లేసరికి అందరూ తలుపులు, రేకులు విప్పి పడవలకెత్తుతున్నారు. రాజవ్వ తన తలుపు మాత్రం విప్పనివ్వలేదు. దగ్గరికి వేసి, గడియ పెట్టకుండా వచ్చి పడవెక్కింది.

ఒడ్డున కట్టిన కొత్త కాలనీలో ఇళ్లను ముందే చీటీలు తీసి పంచుకున్నారు. రాజవ్వకు రోడ్డు పక్క ఇల్లు వచ్చింది. గోదావరి వైపు చివరిది లత వాళ్లది. పడవ దిగగానే లత రాజవ్వ మూటను నెత్తికెత్తుకుని, తిన్నగా తన ఇంటికి నడిచి గడప లోపల దించింది.

"ఈడికెల్లి నీళ్లు కనవడ్తయి పెద్దవ్వా. నువ్వు గీ ఇంట్ల ఉండు. మేం రోడ్డు పక్కకు పోతం."

రాజవ్వ వద్దనలేదు. గడప మీద కూలబడి, పొద్దుటినుంచీ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. లత ఆమె పక్కనే కూర్చుంది. నేనూ సుజాతా పొయ్యి వెలిగించి అన్నం వండాం.

సాయంత్రం తిరుగు బస్సులో సుజాత కిటికీకి తల ఆనించి, "ఇగ నాకు పుట్టిల్లంటె గా కాలనీయే అక్కా" అంది. ఒక్క తల్లి కోసం ఎనిమిది ఇళ్లు ఆగాయి. ఆగినందుకు ఇంకో తల్లికి కడుపుకోత మిగిలింది. ఆగడం మంచిదో కాదో నర్సుగా నేను చెప్పగలను. లత పక్కన రాజవ్వను చూశాక మాత్రం ఆ మాట నా నోట రాదు. మీరెవరైనా అటు వెళ్తే దిబ్బను ఒడ్డునుంచి చూసినా చాలు. కాలనీలో, నీళ్లవైపు చివరి ఇంట్లో, కాసేపు కూర్చుని రండి.