సొంత పెట్టె, బోణీ బేరం

ఇంటర్నెట్ కంపెనీ మారేటప్పుడు వాళ్ళిచ్చే మోడెమ్ పెట్టె నాకక్కర్లేదని, నా సొంత పెట్టే ఉంచుకుంటానని బోణీ వేళ బేరమాడి నెగ్గిన మొనగాణ్ణి మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. ఈ మాట ఇప్పటికీ మీసం దువ్వుకుంటూ చెప్పగలను, ఆ తరవాత ఏమైందని ఎవరూ అడక్కపోతే.

మొన్న ఇంటికి ఫైబరు వెయ్యడానికొచ్చినతను అటక మీద తీగ లాగుతూ ఆ పెట్టెను కిందికి దించాడు. ఒంటి కొమ్ముతో, పసుపుపచ్చగా మాగిపోయి, దుమ్ము కొట్టుకుని ఉంది. "ఇదేటి బాబాయ్, ఇంకా తుక్కులో ఎయ్యలేదేటి?" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఆ పెట్టెను చేతిలోకి తీసుకున్నాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మొదట్లో ఇంటర్నెట్ కీచుమని అరుచుకుంటూ వచ్చేది, అది వస్తున్నంతసేపూ ఇంటికి ఫోను రాదు. తరవాత అదే ఫోను తీగ మీద మాటా, ఇంటర్నెట్టూ కలిసి నడిచే రోజులొచ్చాయి. దానికి కావలసిన పెట్టెను ఫోను వాళ్ళు నెలనెలా అద్దెకిచ్చేవారు. అద్దె అంటే మా ఇంట్లో బూతుమాట. మాది పూర్ణా మార్కెట్ దగ్గర పప్పులూ బెల్లం అమ్మిన కొంప. మా పిల్లలకు అమ్మా నాన్నా అనడంకన్నా ముందు "ఎంతకిస్తావు" అనడం వచ్చేది. అందుకని నేను ద్వారకా నగర్‌లో కొట్టుకొట్టూ తిరిగి, సగానికి అడిగి, రెండుసార్లు మెట్లు దిగిపోయినట్టు నటించి, పెట్టెను సొంతానికి కొన్నాను. దాని మీద మా ఆవిడ లేసుగుడ్డ కూడా కప్పింది.

మేడ మీద వాటాలో మా అక్క ఉండేది. బావ సరుకుల ఓడలో ఉద్యోగి. పెళ్ళైన చాలా ఏళ్ళకు ఆడపిల్ల పుట్టింది, పుట్టేనాటికి ఆయన ఏ సముద్రంలో ఉన్నాడో మాకు తెలీదు. ఫొటోలు పంపాం, ఫోనులో ఏడుపు వినిపించాం. "ఫొటోలో పిల్ల నన్ను సూడదు గదే" అనేవాడట అక్కతో. ఈలోగా ఓడ కంపెనీవాళ్ళు, ఇంటికి వెళ్ళకుండా ఇంకో ఒప్పందం మీద ఎక్కితే జీతం పెంచుతామన్నారు. బావ ఎటూ తేల్చుకోలేక, ఆదివారం ఓడ రేవుకు చేరుతుందనీ, అక్కడ కెమెరా ఉన్న కంప్యూటర్ దొరుకుతుందనీ, పిల్ల మొహం చూసి మర్నాడు జవాబు చెప్తాననీ కబురుపెట్టాడు. పిల్ల ఒక్కసారి కళ్ళలోకి చూస్తే ఆయన ఓడ దిగేస్తాడని అక్క నమ్మకం. నాదీ అదే. నా కంప్యూటర్‌కి కెమెరా కొన్నాను కూడా, బేరమాడే అనుకోండి.

సరిగ్గా ఆ వారమే టీవీ కేబుల్ అతను ఉదయాన్నే గుమ్మంలో నిలబడ్డాడు. టీవీ తీగలోనే ఇంటర్నెట్ ఇస్తున్నాం, ఫోను వాళ్ళకన్నా చవక, పెట్టెకు మాత్రం బయానా కట్టాలి అన్నాడు. నాలో మా నాన్న లేచాడు. నాకు సొంత పెట్టె ఉంది, బయానా కొట్టెయ్, ఇప్పుడే సరే అంటాను, పొద్దున్నే బోణీ పాడుచేసుకోకు అన్నాను. అతను నసిగాడు. "మా పెట్టి లేపోతే పనవ్వదేమో గురూ, ఓపాలి ఆలోసించు." నేను నవ్వాను. అమ్మేవాడు చెప్పే మొదటి ధరా, చివరి హెచ్చరికా నమ్మకూడదని మా నాన్న పాఠం. ఈ ఊళ్ళో కొట్లవాళ్ళ పిల్లలకు అదే శాపం, ఎదటివాడు గోతిని చూపించినా అది బేరంలో ఎత్తే అనుకుంటాం. అతను సరే అనేదాకా వదల్లేదు. పై నెల బిల్లు పడకూడదని ఆ రోజే ఫోను ఆఫీసుకెళ్ళి పాత ఇంటర్నెట్ కనెక్షన్ తీయించేశాను.

శనివారం కేబుల్ అతను తీగ తెచ్చి నా పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఫోను తీగ పెట్టి గురూ. మా తీగకి దీన్లో కన్నవే లేదు. సెప్పినాను గదా!" బయానా కడితే సాయంత్రంలోగా తమ పెట్టె తెచ్చి బిగిస్తానన్నాడు. కట్టేస్తే అయిపోయేది. కానీ బోణీ వేళ ఇచ్చిన మాట ఎవరైనా వెనక్కి తీసుకుంటారా? పెట్టె ఊరికే ఇస్తే ఇయ్యి, లేకపోతే సోమవారం చూద్దాం అన్నాను, మెత్తబడి తిరిగొస్తాడని. రాలేదు. అక్క మెట్ల మీంచి వింటూనే ఉంది. "ఒరే, రేపు మీ బావకి పిల్లని సూపిస్తావా, నీ తెలివి సూపిస్తావా?" అంది. ఊళ్ళో నెట్ సెంటర్లు లేవా అన్నాను.

ఆదివారం ద్వారకా నగర్‌లో నెట్ సెంటర్లన్నీ కోచింగ్ పిల్లలతో కిటకిటలాడుతున్నాయి. కాళ్ళరిగేలా తిరిగాక ఒకచోట సీటు దొరికింది, కెమెరా మాత్రం పాడైంది. ఇంటి కెమెరా తెచ్చుకోవాలన్న తెలివి ఈ తెలివైనవాడికి లేకపోయింది. అక్క ఒళ్ళో పిల్లను పెట్టుకుని, ఒంటి వేలితో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది. మొహం చూపించు, మొహం చూపించు అని అటునుంచి వస్తూనే ఉంది. పిల్ల ఆ తెర వెలుగుకేసి కళ్ళింతలు చేసుకుని చూసింది. ఆ చూపు బావ దాకా వెళ్ళే దారి లేదు. ఆయన పక్కన ఇంకో నావికుడు వంతు కోసం నిలబడ్డాడట. అటునుంచి అక్షరాలు రావడం ఆగిపోయింది.

మర్నాడు బావ సంతకం పెట్టేశాడు. ఆ ఒప్పందం తరవాత ఇంకోటి, దాని తరవాత ఇంకోటి. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు పిల్ల ఆయన్ను చూసి జడుసుకుని నా కాళ్ళ వెనక దాక్కుంది. ఆయన పెట్టె తెరిచి బొమ్మలు తియ్యబోయి, మళ్ళీ మూసేశాడు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు మేనగోడలు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తోంది. బావ ఇంకా ఓడ మీదే ఉన్నాడు, మానేస్తే ఎక్కడ కూర్చోవాలో తెలీదంటాడు. ఫోను తెర మీద తండ్రి మొహం చెంప మీద పుట్టుమచ్చతో సహా కనిపిస్తుంది. తిన్నావా అంటాడాయన, తిన్నాను అంటుందామె, కాసేపు ఒకరినొకరు చూసుకుని పెట్టేస్తారు. ఆనాడు మాటలు బోలెడు, బొమ్మ లేదు. ఈనాడు బొమ్మకు కొదవ లేదు.

ఇక అసలు లెక్క. బావ సంతకం పెట్టిన ఆ సోమవారం పొద్దున్నే నేనే వెళ్ళి, బేరమాడకుండా, మొత్తం బయానా కట్టి ఆ కేబుల్ పెట్టె తెచ్చుకున్నాను. అంటే ఆ బేరంలో నాకు మిగిలింది సున్నా. ఖర్చు మాత్రం మా బావ కట్టాడు, ఒక పిల్ల బాల్యమంతా. రసీదు అడగలేదు.